పరోక్షమున పోయెడి పేరు

వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు మిరప వచ్చు దినములలో, అనగా సంక్రాంతి దాటినది మొదలు ఎండలు ముదురు వరకు, తెల్లవారకమునుపే బారులు తీరిన ట్రాక్టర్ల నుండియు ఆటోల నుండియు దిగిన బస్తాలు షెడ్లు నిండి ఆరుబయటికి కూడ పరచుకొనును. ఖరీదుదారు ఒకడు బస్తా కుట్టు విప్పి, పిడికెడు కాయ తీసి, ఒకదానిని విరిచి గింజ చూచి, వేళ్ల నడుమ నొక్కి తేమ అంచనా కట్టి, తాలుకాయ ఎంత కలిసినదో ఒక్క చూపున పసిగట్టి ధర పలుకును. ఈ తతంగమంతయు నిమిషము రెండు నిమిషములలో ముగియును. రైతు ఏడాది కష్టమునకు ఆ కొద్దిపాటి వ్యవధిలో వెల కట్టబడుట అందరికిని తెలిసిన సంగతియే. తెలియనిది, తెలిసినను ఎవరును పట్టించుకొననిది మరియొకటి కలదు. అంతవరకు కాయ వెంట నడచి వచ్చిన ఊరి పేరు, నేల పేరు, పండించినవాని పేరు కాంటా యొద్ద ఆగిపోవును. సరుకు మాత్రము లారీ యెక్కి ముందునకు సాగిపోవును.

2025 లో వరంగల్లు చపాటా మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినదన్న వార్త వచ్చినప్పుడు ఈ ప్రాంతమున కలిగిన సంతోషము సహజమైనది. తిమ్మంపేటలోని మిర్చి రైతు ఉత్పత్తిదారుల సంస్థ 2022 లో దరఖాస్తు చేయగా, మల్యాలలోని జె.వి.ఆర్. ఉద్యాన పరిశోధన స్థానపు శాస్త్రజ్ఞులు తోడునిలిచి ఆధారములు సమకూర్పగా, చెన్నపట్టణములోని రిజిస్ట్రీ ఆ పేరును తన పుస్తకమున చేర్చుకొన్నది. అంతకు పూర్వము 2018 లో వరంగల్లు దరీలు ఇదే గౌరవమును పొందియుండెను. చపాటా కాయ పొట్టిగా, లావుగా టమాటా పోలికతో నుండును. ఎండిన పిమ్మట కూడ నిండైన యెరుపును విడువదు. కారము మితము, రంగు అమితము. పచ్చళ్లు పెట్టువారికిని, మిరప నుండి సహజమైన రంగును తీసి ఎగుమతి చేయు కర్మాగారములకును ఇది ప్రీతిపాత్రము. 2022 లో ఇక్కడి యార్డులో దేశవాళి మిరప క్వింటాలు ధర పది గ్రాముల బంగారము ధరతో పందెము వేసినదని పత్రికలు వ్రాసినప్పుడు ఆశ్చర్యపడినవారు పట్టణవాసులే గాని, ఆ కాయను ఎరిగిన ఆడ్తిదారులు కారు.

గుర్తింపు వచ్చినది, సన్మానములు జరిగినవి, ఛాయాచిత్రములు పత్రికలలో పడినవి, మంచిదే. అయితే పేరును రిజిస్టరులో వ్రాయించుట వేరు, దానిని నిలుపుకొనుట వేరు. ఈ భేదమును చూపు ఉదాహరణములు మన దేశములోను కలవు గాని, అన్నిటికన్న విస్పష్టమైనది, ఒకవిధముగ హాస్యాస్పదమైనది కూడ, భూగోళమునకు ఆవలి వైపున నున్న క్యూబా ద్వీపమున జరిగినది. చుట్టలకును మిరపకాయలకును పొత్తేమని పాఠకులు అడుగవచ్చును. రెండును నేల గుణము చేత రాణించు సరుకులు, రెండును వేలమంది చేతుల మీదుగ పోవునవి. అన్నిటిని మించి, రెండింటికిని పేరే సగము వెల.

1959 లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవము జయించెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 15 న ప్రభుత్వము చుట్టల కర్మాగారములను స్వాధీనపరచుకొనెను. పార్టాగాస్, హెచ్. ఉప్‌మన్, మాంటెక్రిస్టో, రోమియో ఇ జూలియెటా అను జగద్విఖ్యాతములైన పేర్లన్నియు ఒక్క దినమున ప్రభుత్వపరము కాగా, వాని యజమానులలో పలువురు కట్టుబట్టలతో ప్రవాసమునకు పోయిరి. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నడీ క్యూబాతో వర్తకమును పూర్తిగ నిషేధించెను. ఆ యాజ్ఞాపత్రము మీద సంతకము చేయుటకు ముందు ఆయన తన పత్రికా కార్యదర్శి పియర్ శాలింజరును పిలిచి, తనకు ప్రియమైన పెటీ ఉప్‌మన్ చుట్టలు దొరికినన్ని కొని తెమ్మని పంపెననియు, మరునాటి ఉదయము 1,200 చుట్టలు చేతికి వచ్చినవని విన్న పిమ్మటనే కలము తీసెననియు శాలింజరే అనంతరకాలమున చెప్పియున్నాడు. ఏలికలు ఆంక్షలు విధించునప్పుడు తమ జేబు సంగతి ముందుగ చూచుకొనుట ఏ దేశమునకును క్రొత్త కాదు.

ఇచట చట్టము ఎదుట నిలిచిన ప్రశ్న ఇది: కర్మాగారము హవానాలో నున్నది, అది ప్రభుత్వపరమైనది, కాని ఆ చుట్ట మీది పేరు అమెరికా రిజిస్టరులో కూడ నున్నది గదా, అది ఎవరిది? 1966 లో న్యూయార్కులోని సమాఖ్య న్యాయస్థానము దీనికి ఉత్తరము చెప్పినది. ఒక ప్రభుత్వము చేసిన జప్తు ఆ దేశపు గట్టు దాటి చెల్లదు గనుక, అమెరికాలోని ట్రేడ్‌మార్కులు ప్రవాసులైన పూర్వపు యజమానులవే అని ఆ తీర్పు సారాంశము. తత్ఫలితముగ ప్రపంచమున ఒకే పేరుతో రెండు చుట్టలు వెలసినవి. ఒకటి హవానాలో చుట్టబడి ఐరోపాకును తక్కిన లోకమునకును పోవునది. రెండవది డొమినికన్ రిపబ్లిక్కు మొదలగు చోట్ల చుట్టబడి అమెరికాలో అమ్ముడుపోవునది. పెట్టె మీది పేరు ఒకటే, లోపలి ఆకు వేరు. పేరు కుటుంబము వెంట పోవలెనా, నేల వెంట ఉండవలెనా అని ధర్మశాస్త్రజ్ఞులు తర్కించుకొనవచ్చును గాని, తాతల నాటి నుండి ఆ పేరును పెంచిన కుటుంబములను వట్టి చేతులతో వెళ్లగొట్టిన తరువాత, వారి పేరునైనను వారికి దక్కించిన ఆ తీర్పులో కొంత న్యాయము లేదని నేను అనజాలను.

కోహిబా కథ అట్టిది కాదు. ఈ చుట్టకు పూర్వపు యజమాని ఎవడును లేడు. విప్లవము తరువాత, 1966 ప్రాంతమున, కాస్ట్రో కొరకును విదేశీయులైన రాజ్యాతిథుల కొరకును ప్రత్యేకముగ చుట్టబడినది. ఎవరి యొద్దను గుంజుకొనినది కాదు. 1969 లో క్యూబా ప్రభుత్వ సంస్థయైన క్యూబాటబాకో స్వదేశమున దీని రిజిస్ట్రేషనునకు దరఖాస్తు చేసినది. అమెరికాలో నిషేధము అమలులోనున్నందున అచట ఒక్క చుట్టయైనను అమ్ముటకు వీలు లేదు. ఈ సందులో జనరల్ సిగార్ అను అమెరికా కంపెనీ 1978 లో అదే పేరునకు దరఖాస్తు పెట్టి 1981 లో రిజిస్ట్రేషను పొందెను. ఆ పిమ్మట కొన్ని సంవత్సరములు దానిని వాడక విడిచి, 1992 లో ఒక చుట్టల పత్రిక క్యూబా కోహిబాను ఆకాశమునకెత్తి వ్రాసిన తరుణమున మరల బజారున పెట్టెను. పొగిడినది హవానా చుట్టను, అమ్ముకొన్నది డొమినికన్ చుట్టను.

1997 లో క్యూబాటబాకో అమెరికా ట్రేడ్‌మార్కు కార్యాలయమున వ్యాజ్యము దాఖలు చేసెను. 2004 లో న్యూయార్కు న్యాయాధిపతి క్యూబావారి పక్షమున తీర్పిచ్చుచు, 1992 నాటికే వారి కోహిబా అమెరికాలో సుప్రసిద్ధమనియు, కంపెనీ తన పేరును మధ్యలో విడిచిపెట్టినదనియు నిర్ణయించెను. 2005 లో పై న్యాయస్థానము దానిని త్రోసివేసెను. ఏలననగా, నిషేధము అమలులోనుండగా ఒక క్యూబా సంస్థ అమెరికాలో ప్రసిద్ధి చేత ఆస్తిహక్కు సంపాదించుటయే చట్టవిరుద్ధమట! 2014 లో వేరొక న్యాయస్థానము, వ్యాజ్యమాడుటకు మాత్రము క్యూబావారికి అర్హత కలదని తేల్చెను. తుదకు 2022 డిసెంబరు 20 న ట్రేడ్‌మార్కు విచారణ మండలి, 1929 నాటి అంతర అమెరికా ఒడంబడికను ఆధారము చేసికొని, జనరల్ సిగార్ వారి రిజిస్ట్రేషనులను రద్దు చేసెను. ఇరువది యైదు సంవత్సరములు పట్టినది. కంపెనీ దాని మీద మరల న్యాయస్థానము మెట్లెక్కినది.

ఈ వ్యాజ్యమున నన్ను ఆకర్షించినది జయాపజయము కాదు. రెండు చట్టములు ఒక్క మనుష్యుని రెండు చేతులు పట్టి చెరియొక వైపునకు లాగిన తీరు. ట్రేడ్‌మార్కు ధర్మమున మూలసూత్రము వాడుక. పేరును వాడనివాడు దానిని పోగొట్టుకొనును. ఆంక్షల చట్టమున మూలసూత్రము నిషేధము. ఆ దేశమువాడు ఆ పేరుతో ఏమియు అమ్మరాదు. అమ్మిన శిక్ష, అమ్మకున్న హక్కు పోవుట. క్యూబా జాతీయులు అమెరికాలో పేర్లు రిజిస్టరు చేసికొనుటకు ఆంక్షల నిబంధనలలోనే అనుమతి కలదు గనుక, వారు కాగితము మీద ఉండవచ్చును, కొట్టులో ఉండరాదు. ఇంటి యజమానిని ఊరిలోనికి రానీయక, ఇల్లు పాడుపెట్టినాడని దానిని పొరుగువానికి వ్రాసి యిచ్చుట వంటిది ఈ న్యాయము. 2022 నాటి నిర్ణయమే సమంజసమని నా యభిప్రాయము. బలవంతముగ దూరముంచబడినవాని గైరుహాజరును ఆధారముగ చేసికొని అతని పేరును అనుభవించుట వర్తకము కావచ్చును గాని హక్కు కాదు.

ఇదే తగవు సారాయమునకు కూడ వ్యాపించినది. హవానా క్లబ్ అను రమ్మును కార్డెనాస్ పట్టణమున కాచిన అరెచబాలా కుటుంబము 1960 లో సర్వమును కోల్పోయెను. అమెరికాలోని వారి రిజిస్ట్రేషను 1973 లో మురిగిపోగా, 1976 లో క్యూబా ప్రభుత్వ సంస్థ దానిని తన పేర చేర్చుకొనెను. 1993 లో పెర్నో రికార్ అను ఫ్రెంచి కంపెనీ అందు భాగస్వామియయ్యెను. ఆ కుటుంబపు హక్కులను కొనిన బకార్డీ కంపెనీ పోరాటమునకు దిగగా, 1998 లో అమెరికా శాసనసభ బడ్జెట్టు చట్టములో 211వ విభాగమని ఒకటి చేర్చి, జప్తు చేయబడిన సంస్థల పేర్లకు రక్షణ లేకుండ చేసెను. 2002 లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఇది స్వపర భేదము చూపుచున్నదని తప్పు పట్టినను అమెరికా కదలలేదు. 2016 లో అధ్యక్షుడు ఒబామా కాలమున క్యూబాకు రిజిస్ట్రేషను తిరిగి లభించెను. 2024 డిసెంబరులో మరియొక చట్టము వచ్చి దానికి అడ్డుకట్ట వేసెను. ఏలుబడి మారినప్పుడెల్ల పేరునకు యజమాని మారుచుండినచో, అది ఆస్తియా, రాజకీయ బహుమానమా అను సందేహము కలుగక మానదు.

మనవారు ఈ వృత్తాంతమును విని నవ్వుకొనుటకు వీలు లేదు. రంజాను మాసమున వరంగల్లు మండిబజారులో గాని, హైదరాబాదు పాతబస్తీలో గాని ఎర్రని షర్బతు గ్లాసు పుచ్చుకొను పాఠకులు రూహ్ అఫ్జా చరిత్రమును ఒకమారు స్మరింపవలెను. ఢిల్లీలో హకీము హాఫిజ్ అబ్దుల్ మజీద్ ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున స్థాపించిన హమ్‌దర్ద్ సంస్థ దానిని తయారు చేసెను. దేశవిభజన తరువాత పెద్దకుమారుడు ఢిల్లీలో నిలువగా, చిన్నవాడు హకీము మహమ్మద్ సయీద్ 1948 లో కరాచీ చేరి అచట అదే పేరుతో సంస్థ పెట్టెను. ఒక తండ్రి పానీయము, ఇద్దరు సోదరులు, రెండు దేశములు. దశాబ్దములు గడచిన పిమ్మట కరాచీలో తయారైన సీసాలు అమెజాన్ అంగడి ద్వారా మన దేశమున అమ్ముడగుచుండగా, 2022 సెప్టెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము వానిని ఆ అంగడి నుండి తొలగింపుమని ఆజ్ఞాపించెను. మన దేశమున ఆ పేరు ఢిల్లీవారిదే. న్యాయస్థానము వేరొక విధముగ చెప్పుటకు అవకాశము లేదు. ఐనను కరాచీవాడు ఆ పేరును దొంగిలించినాడని అనుటకు నోరు రాదు.

పేరు సరిహద్దు దాటి వచ్చినప్పుడు ప్రజలు కూడ న్యాయాధిపతులగుదురు. సింధు నుండి కాందిశీకుడై వచ్చిన ఖాన్‌చంద్ రమ్‌నానీ 1953 లో హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టు కడ స్థాపించిన కరాచీ బేకరీ అచ్చముగ భాగ్యనగరపు సంస్థ; దాని ఫ్రూట్ బిస్కట్టు పెట్టె చేత లేనిదే మనవారు విమానమెక్కరు. అయినను 2019 లో బెంగుళూరులోని శాఖవారు బెదిరింపులకు లోనై ఆ పదము మీద తెర కప్పవలసి వచ్చినది. 2025 మే నెలలో శంషాబాదు శాఖ మీద దాడి జరిగినది. పోగొట్టుకొన్న ఊరిని పేరులో దాచుకొన్నవానిని పట్టుకొని శత్రువనుట ఎంతటి అవివేకము!

బాసుమతి సంగతి ఇంతకన్న చిక్కైనది. 2016 లో మన దేశమున భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బియ్యము కొరకు మన ప్రభుత్వము 2018 లో ఐరోపా సమాఖ్యకు దరఖాస్తు చేసెను; అది 2020 లో ప్రచురితము కాగా పాకిస్తాను అభ్యంతరము తెలిపెను. 2020 వరకు ఆ దేశమున భౌగోళిక గుర్తింపు చట్టమే లేదు. ఆ యేడు చట్టము చేసికొని, 2021 లో తన బాసుమతిని రిజిస్టరు చేసికొనెను. తన యింట రక్షణ లేని పేరునకు పరులు రక్షణ ఇయ్యవలెనను నిర్బంధము అంతర్జాతీయ ఒప్పందమున లేదు. ఈలోగా ఇరుదేశముల నడుమ వర్తకము 2019 నుండి స్తంభించియున్నది. హిమాలయ పాదమున ఒకే మైదానమున పండు ధాన్యము మీద ఇద్దరు పొరుగువారు బ్రస్సెల్సు పట్టణమున వాదించుకొనుచున్నారు.

ఈ తగవులన్నిటిని పరిశీలించినచో పేరు పోవునది ఎల్లప్పుడును యజమాని పరోక్షముననే అని తేటపడును. క్యూబావాడు నిషేధము వలన పరోక్షుడయ్యెను, అరెచబాలా కుటుంబము ప్రవాసము వలన, పాకిస్తాను అలసత్వము వలన. మన చపాటా రైతు మాట యేమి? అతనిని ఏ దేశమును నిషేధింపలేదు; ఎవరును వెళ్లగొట్టలేదు. అయినను అతడు పరోక్షుడే. ఇరువది వేలకు పైబడిన రైతులు సుమారు 6,700 ఎకరములలో ఈ పంటను పండించుచున్నారని గుర్తింపు సందర్భమున వెలువడిన లెక్క. భాగించి చూచినచో మనిషికి ఎకరములో మూడవ వంతు. ఆ మూడవ వంతు ఎకరముగలవాడు ఏ రిజిస్టరు ఎదుట నిలువగలడు? ఏ దేశమున ఏ కంపెనీ ఏ పేరు పెట్టుకొన్నదో ఎట్లు తెలిసికొనగలడు? ఓడను ఆపు నౌకాబలము లేకున్నను, చిన్నకమతమే ఒక ఆంక్ష.

2003 సెప్టెంబరు 15 న అమలులోనికి వచ్చిన 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము ఈ చిన్నరైతును దృష్టిలో నుంచుకొని చేయబడినదే. ట్రేడ్‌మార్కును అమ్ముకొనవచ్చును, తాకట్టు పెట్టవచ్చును, బకార్డీవలె మరియొకని యొద్ద కొనవచ్చును; భౌగోళిక గుర్తింపును అమ్మరాదు, బదిలీ చేయరాదు, తాకట్టు పెట్టరాదు. రేపు ఎంతటి ధనికుడు వచ్చినను వరంగల్లు చపాటా అను పేరును కొనిపోలేడు. ఇది సామాన్యమైన రక్షణ కాదు. అయితే దీనికి మూడు బలహీనతలు కలవు.

మొదటిది, కాలపరిమితి. రిజిస్ట్రేషను పది సంవత్సరములే. మరల పొడిగింపకున్నచో మురిగిపోవును. 1973 లో హవానా క్లబ్ పేరునకు పట్టిన గతి ఇదే. రెండవది, సరిహద్దు. చెన్నపట్టణపు పుస్తకమున వ్రాసినది చెన్నపట్టణపు అధికారము చెల్లినంతమేరకే. ప్రపంచ వాణిజ్య ఒప్పందమున ద్రాక్షసారాయములకును, మద్యములకును ఇచ్చిన అధిక రక్షణ మిరపకాయకు లేదు. ఐరోపా రాజ్యములకు మద్యము మీద గల మమకారము వ్యవసాయము మీద లేకపోయెనని అనుకొందుమా, లేక వాదించునప్పుడు మనవారు నిద్రించిరని అనుకొందుమా! ఏ దేశమున రక్షణ కావలెనన్న ఆ దేశపు రిజిస్టరులో మరల ఎక్కవలెను. ఈ దేశమున మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు డార్జిలింగు తేయాకునకు 2004 లో వచ్చినది. దానిని కాచుటకు టీ బోర్డు అను సర్కారు సంస్థ దేశదేశములలో న్యాయవాదులను నిలుపవలసి వచ్చినది. స్వదేశముననే, కలకత్తాలో ఒక హోటలువారు తమ విశ్రాంతిశాలకు ఆ పేరు పెట్టగా బోర్డు వ్యాజ్యము వేసి 2019 లో ఓడిపోయెను. తిమ్మంపేట రైతుల సంస్థ వెనుక అట్టి బోర్డు ఏదియు లేదు.

మూడవ బలహీనత అన్నిటికన్న పెద్దది, అది చట్టములోనిది కాదు, మన యార్డులోనిది. పేరు వాడుకలో నిలువవలెను. మిరప అనగానే దేశమంతటను గుంటూరు పేరే స్ఫురించును. గుంటూరు సన్నమునకు భౌగోళిక గుర్తింపు కలదు. ఆ రకము పండు జిల్లాలను పేర్కొనునప్పుడు గుంటూరు, ప్రకాశములతో పాటు వరంగల్లు, ఖమ్మము జిల్లాలను కూడ చెప్పుదురు. అనగా మన నేల కాయ ఒకటి అన్యమైన ఊరి పేరుతో లోకమునకు పరిచితమైయున్నది. ఇందులో గుంటూరువారి తప్పిదము లేదు. పెద్ద యార్డు, రైలు, రేవు, శీతల గిడ్డంగులు ఉన్న ఊరికి సరుకు పేరు వ్రాలుట వర్తకపు స్వభావము. వెనుకటి కాలమున గోదావరి లంకలలో పొగాకు పండినను, చుట్టల లోకమున కీర్తి తిరుచినాపల్లిదయ్యెను. 1887 లో కానన్ డాయిల్ తన తొలి అపరాధ పరిశోధన నవలలో బూడిదను చూచి తిరుచినాపల్లి చుట్ట అని తన పరిశోధకుని చేత గుర్తింపజేసెను గాని, లంక చుట్టను ఇంగ్లండున ఎవడెరుగును? వరంగల్లుకు యార్డు కలదు, ఆసియా ఖండములోనే పెద్ద యార్డులలో ఒకటని చెప్పుకొనుచుందుము గూడ. అట్టి యార్డు నుండి పేరు లేని సరుకు పోవుట చూచుచు ఊరకుండుటకు కారణమేమియు కనిపించదు.

పేరుతో పనియేమి, ఖరీదుదారు చూచునది రంగు, తేమ, తాలు అని ఆడ్తిదారులలో అనుభవజ్ఞులు అందురు. వారి మాట కొంతవరకు నిజము. దినమున తొలి వేలమగు జెండా పాటలో పలికిన ధర ఒకటి, తరువాతి బస్తాలకు దక్కినది మరియొకటి అగుట చూచిన రైతునకు పేరు మీద నమ్మకము కలుగకుండుటయు సహజమే. అయితే కాయకు పేరు లేకుండుట వలన లాభపడువాడు ఎవడో ఆలోచింపవలెను. రంగు తీయు కర్మాగారమునకు చపాటా అవసరమని ఖరీదుదారునకు తెలియును; దాని విలువ అతనికి తెలిసినంతగ అమ్మువానికి తెలియకుండుటయే అతని లాభము. పేరు తక్‌పట్టీ అను అమ్మకపు చీటీ మీద ఎక్కి, లారీ చిట్టీ మీద ఎక్కి, గిడ్డంగి రశీదు మీద ఎక్కి, తుదకు విదేశపు కొనుగోలుదారుని కాగితముల వరకు పోయినప్పుడు, ఆ కొనుగోలుదారుడు మరుసటి యేడు ఆ పేరుతోనే అడుగును. అడుగు పేరునకు ధర కట్టవలసి వచ్చును. డొమినికన్ చుట్టకు హవానా చుట్ట కీర్తి చేత అమ్మకము కలిగిన రహస్యము ఇదియే.

కావున ఎనుమాముల మార్కెట్టు కమిటీ చేయదగిన పనులు పెద్దవి కావు. చపాటా రాశులకు ప్రత్యేకమైన చోటు కేటాయించి, వేరు కాయ కలుపకుండ చూడవలెను. కల్తీ జరిగినచో పేరునకు కలుగు నష్టము ఒక్క రైతునకు కాక ఇరువది వేలమందికి తగులును. తక్‌పట్టీ మీద రకము అను గడిలో మిర్చి అని మాత్రము వ్రాసి ఊరుకొనక, గుర్తింపు పొందిన పేరును పూర్తిగ వ్రాయవలెను. శీతల గిడ్డంగులవారు నెలల తరబడి సరుకు దాచునప్పుడు ఆ పేరు బస్తా మీద చెరుగకుండ చూడవలెను. అన్నిటికన్న ముఖ్యముగ, చట్టము చెప్పిన అధీకృత వినియోగదారుల జాబితాలో పండించు ప్రతి రైతును చేర్చవలెను. దరఖాస్తు చేసిన సంస్థ ఆ పేరునకు కాపరియే గాని సొంతదారు కాదు. సభ్యులు కానివారిని, పట్టా కాగితము లేదను నెపమున కౌలు రైతులను బయట నిలిపినచో, హవానాలో ప్రభుత్వము చేసిన పనిని తిమ్మంపేటలో మనమే చేసినవారమగుదుము.

విదేశీ రిజిస్టర్ల ఖర్చు మాత్రము రైతు మోయలేనిది. ఎగుమతి అగు దేశములలో ముందుగ పేరును చేర్చుట, పది సంవత్సరములకొకమారు పొడిగించుట, పరులు అదే పేరు పెట్టుకొన్నచో ఎదిరించుట, ఇవన్నియు న్యాయవాదుల రుసుముతో కూడినవి. కోహిబా వ్యాజ్యమును ఇరువది యైదేండ్లు నడుపుటకు క్యూబావారికి ఒక రాజ్యపు బొక్కసము తోడుండెను. మూడవ వంతు ఎకరమువానికి ఎవరుందురు? సుగంధద్రవ్యముల బోర్డు గుంటూరు సన్నము కొరకు దరఖాస్తుదారుగ నిలిచినది గదా, వరంగల్లు చపాటా కొరకు విదేశములలో నిలువరాదను నియమము లేదు. రాష్ట్ర ప్రభుత్వము తన వంతుగ, ఎనుమాములలో ప్రతి అమ్మకము మీద వసూలగు మార్కెట్టు రుసుములో చపాటా రాశుల మీద వచ్చిన పాలును వేరు పద్దుగ వ్రాయించి, దానిని ఈ పనికే వినియోగింపవచ్చును. లెక్క కట్టుట కష్టము కాదు. తక్‌పట్టీ మీద పేరు వ్రాయుట ఆరంభించిన నాటి నుండి ఆ లెక్క దానంతటదియే తేలును.